ప్రక్రియల గట్లు దాటిన ఒక ఏడాది

ఈమధ్య చదువరులలో ఒక అలవాటు కనిపిస్తున్నది. జనవరి 1న "ఈ యేడు యాభై పుస్తకాలు చదువుతాను" అని పంతం పట్టడం, డిసెంబరు 31న లెక్క ఒప్పజెప్పడం. అన్ని ప్రక్రియలనూ ముట్టుకోవాలన్న నియమం కూడా కొందరు పెట్టుకుంటున్నారు. ఒక నవల, ఒక నాటకం, ఒక ఆత్మకథ, ఒక చరిత్ర గ్రంథం, ఇట్లా. దీన్ని వెక్కిరించడం సులభం. చదువును సరుకుల జాబితాగా మార్చే వ్యాపార సంస్కృతి అని ఒక్క వాక్యంతో కొట్టిపారెయ్యవచ్చు. నేను చాలాకాలం అట్లాగే కొట్టిపారేశాను. కాని 2023లో నేనూ అటువంటి పంతం ఒకటి పట్టాను. సరదాకు పట్టింది కాదు. నేను చేసిన ఒక తప్పు నాచేత పట్టించింది. ఆ తప్పేమిటో చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ అనిపించుకోదు.

నేను పాఠం చెప్పే బడి నాగార్జునసాగర్ ఎడమ కాలవకు ఎగువనున్న ఊళ్లో వుంది. అక్కడినుంచి కాలవ కంటికి కనబడుతుంది, చేలకు ఎక్కదు. 2022లో పదవ తరగతి పిల్లలకు "నాగార్జునసాగర్ - ప్రయోజనాలు" అనే వ్యాసం పరీక్షగా ఇచ్చాను. దాదాపు అందరూ ఆధునిక దేవాలయం, అన్నపూర్ణ, జలవిద్యుత్తు అని నేను చెప్పిందే నాకు తిరిగి రాసిచ్చారు. ఒక అమ్మాయి మాత్రం మూడు వాక్యాలు రాసింది: "మా తాత పాలమూరు నుంచి వచ్చి డ్యాముకాడ రాయి కొట్టిండు. మా నాయనమ్మ ఆ రాళ్లు నెత్తిన మోసింది. మా చేనుకు నీళ్లు రాలె." పదికి మూడు మార్కులు వేసి, పక్కన ఎర్రసిరాతో "వ్యాస లక్షణం లేదు. సొంత సంగతులు రాయరాదు" అని రాశాను. కాగితాలు పంచిన రోజు ఆ అమ్మాయి లేచి అడిగింది: "సొంత సంగతి వ్యాసంల రాయొద్దంటే, మరి దేంట్ల రాయాలె సార్?"

నా దగ్గర జవాబు లేకపోయింది. తెలుగులో ఎం.ఎ. చదివినవాణ్ణి. నవలకూ నవలికకూ తేడా చెప్పగలను, ఏకాంకిక లక్షణాలు వరసగా అప్పజెప్పగలను. చరిత్రలో పేరు దొరకని శ్రామికుణ్ణి గురించి శ్రీశ్రీ 'దేశచరిత్రలు' వేసిన ప్రశ్నను ఎన్ని సభల్లో గుర్తుచేశానో లెక్కలేదు. ఆ ప్రశ్నకు ఒక పదిహేనేళ్ల పిల్ల తన ఇంటినుంచి జవాబు తెచ్చి నా బల్లమీద పెడితే, అది తగిన ప్రక్రియలో లేదని మార్కులు కోశాను. ప్రక్రియలకు గట్లు వేసి, ఏ మడిలో ఏ అనుభవం పండాలో నిర్ణయించే అధికారం విమర్శకుడికి ఎవరిచ్చారు? ఈ ప్రశ్నతోనే ఆ ఏడాది మొదలయింది.

నియమం ఇట్లా పెట్టుకున్నాను. పన్నెండు నెలలు, పన్నెండు ప్రక్రియలు. ఒక్క నెల మినహాయిస్తే, ఏది చదివినా అది ఈ నేలకో, ఈ నీళ్లకో, ఈ మనుషులకో సంబంధించినదై వుండాలి. మిర్యాలగూడ గ్రంథాలయం, సూర్యాపేట, కోదాడ మిత్రుల బీరువాలు, హైదరాబాదు పాతపుస్తకాల బళ్లు నాకు ఆధారం. నెలాఖరున నోటుబుక్కులో ఒక పేజీ రాసుకోవాలి: ఈ ప్రక్రియ ఆ అమ్మాయి తాతను చూపగలిగిందా? చూపలేకపోతే దానికి అడ్డం వచ్చిందేమిటి?

2

మొదటి నెల శాసనాలు. ఎం.ఎ.లో మాకు శాసనాలను భాషాచరిత్ర కిందనే చెప్పారు. అమరావతి శాసనంలో 'నాగబు' అనే మాట దొరికిందని రాస్తే మార్కులు వచ్చేవి. ఆ రాయి ఎవరు చెక్కారు, ఎవరి డబ్బుతో నిలబెట్టారు అన్నవి పరీక్షకు రాని ప్రశ్నలు.

నాగార్జునకొండ లోయలోని శిథిలాలను 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించాడు. తర్వాత లాంగ్‌హర్‌స్ట్ తవ్వించాడు. అక్కడి ప్రాకృత శాసనాలను వోగెల్ పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' 20వ సంపుటంలో ప్రకటించాడు. డ్యాం కింద లోయ మునుగుతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో మిగిలిన లోయనంతా తవ్వారు. ఇక్ష్వాకుల విజయపురి ఇవాళ నీళ్ల అడుగున వుంది. తరలించిన శిల్పాలూ, తిరిగి పేర్చిన కట్టడాలూ దీవిగా మారిన కొండమీద వున్నాయి.

ఆ శాసనాలు ప్రధానంగా దాతల శాసనాలు. రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువులకోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లున్నాయి. పదిహేడు వందల ఏళ్లకిందట ఈ కృష్ణ ఒడ్డుకు అంతటి ప్రపంచంతో రాకపోకలుండేవి. కాని నన్ను ఆపింది ఆ శాసనం చివర. పని చేయించిన ముగ్గురు భిక్షువుల పేర్లు చెప్పాక, ఇది రాతిపనివాడు విధికుడి పని అని వుంది.

విధికుడు! దానశాసనమనే ప్రక్రియ పుట్టిందే దాత పుణ్యం చాటడానికి. దాని అంచున ఒక వడ్డెపని మనిషి పేరు నిలిచింది. నేటి శంకుస్థాపన ఫలకాలు కూడా ఒకరకమైన శాసనాలే. వాటిమీద ముఖ్య అతిథి వుంటాడు, అధ్యక్షుడు వుంటాడు. రాయి కొట్టినవాడు వుండడు. ఈ ఒక్క విషయంలో ప్రజాస్వామ్య యుగపు ఫలకం రాచరికపు శాసనంకన్నా పిసినారి. అయితే దీన్నిబట్టి ఆ యుగం గొప్పదనే నిర్ణయానికి రాకూడదు. విధికుడు ఏం తిన్నాడు, కూలి ఎంత, చెయ్యి విరిగితే ఎవరు చూశారు అన్నవి ఆ ప్రక్రియ చెప్పదు. పేరు ఇస్తుంది, బతుకు ఇవ్వదు.

3

తర్వాతి మూడు నెలలు గేయకావ్యం, నవల, సాంఘిక చరిత్ర. ఈ మూడింటినీ విడివిడిగా అంతకుముందే చదివాను, పాఠం కూడా చెప్పాను. వరసగా చదివేటప్పుడే ఒక తేదీ నా కంటబడింది. అది 1955.

సి. నారాయణరెడ్డి 'నాగార్జునసాగరం' గేయకావ్యం 1955లో వచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో ఇచ్చారు. రాష్ట్రాల పునర్విభజన సంఘం తన నివేదికను ఆ ఏడాది సెప్టెంబరులో సమర్పించింది. కృష్ణా గోదావరి నీళ్లమీద తెలంగాణకున్న భయాలు అందులో నమోదయ్యాయి. డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశాడు. ఇవన్నీ ఒకే ఏడాది జరిగాయని నాకు నలభై ఏళ్లు దాటేవరకు తట్టలేదు. ఎందుకంటే కావ్యం కావ్యాల చరిత్రలో చదివాను, నవల నవలల చరిత్రలో చదివాను, డ్యాం సాంఘికశాస్త్రం మాస్టారి పాఠం. ఒక్క ఏడాదిని నాలుగు సొరుగుల్లో దాచుకున్న చదువు నాది.

కలిపి చదివితే ఏం కనబడుతుంది? గేయకావ్యం విజయపురి నాటి ప్రణయాన్ని, శిల్పకళను గానం చేసింది. లోయ మునగబోతున్న వేళ అందులో గతించిన సౌందర్యాన్ని మాత్రాఛందస్సులోకి ఎక్కించింది. అది తక్కువ పనేమీ కాదు. కాని ఆ ప్రక్రియకు కావలసినది దూరం. వెయ్యేళ్లు దాటిన కన్నీరే అందులో ఇముడుతుంది. లోయలో ఆ రోజున మూటాముల్లె సర్దుకుంటున్నవారి కన్నీటికి ఆ లయ సరిపడదు.

'ప్రజల మనిషి' ఇందుకు ఎదురుదిక్కున నిలబడుతుంది. దిమ్మెగూడెంలో దేశముఖ్ రామభూపాలరావు, అతని వెట్టి, అతని కుట్రలు. ఎదురుగా కంఠీరవం, ఆంధ్రమహాసభ. కడుపుకు తినలేనివాడికి కూడా ఒక గతం, ఒక నిర్ణయం, ఒక మలుపు వుంటాయని చూపగలిగింది నవలే. ఆళ్వారుస్వామి పుస్తకాలు రాయడంతో ఊరుకోలేదు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. సభ పెట్టాలన్నా గస్తీ నిషాన్ 53 అడ్డం వచ్చే రాజ్యంలో ఆ పుస్తకాల మూట కూడా ఉద్యమంలో భాగమే. ఈ జిల్లాలోనే 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం వెలిసింది. అది తెలిశాక, ఇవాళ ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదివామన్న లెక్క చూసి సిగ్గుపడవలసి వస్తుంది. వాళ్లకు చదవడమే ఒక సాహసం.

అయినా నవల ఒకచోట ఆగుతుంది. అందులో వెట్టి చేసే మనిషి వున్నాడు. డ్యాం దగ్గర కూలికి రాయి కొట్టే మనిషి ఇంకా పుట్టలేదు. వెట్టినుంచి కూలికి జరిగిన ప్రయాణం ఈ ప్రాంతపు బీదవాడి జీవితంలో అన్నిటికంటె పెద్ద మార్పు. ఆ ప్రయాణం సరిగ్గా ఈ నవలకూ ఆ శంకుస్థాపనకూ మధ్యనున్న సందులో జరిగింది. ఆ అమ్మాయి తాత పాలమూరునుంచి నడిచివచ్చిన దారి ఆ సందే. నవలను నవలగానే చదివితే ఆ సందు కనబడదు.

ఇక సురవరం. ఆయన 'క్రీడాభిరామం', 'పల్నాటి వీరచరిత్ర', 'శుకసప్తతి', 'హంసవింశతి' చదివింది రసంకోసం కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ దేవతకు మొక్కారు అని వెదకడానికి. రాజుల పేర్లు పక్కకు జరిపి, కావ్యాన్ని సాక్షిగా పిలిచి ప్రశ్నించాడు. ప్రక్రియల గట్లు దాటి చదవడం మనం కొత్తగా నేర్చుకోవలసినది కాదని ఆ పుస్తకం మూడోసారి చదివినప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

4

నాటకం, పాట, ఉద్యమ చరిత్ర, మౌఖిక చరిత్ర. ఈ నాలుగూ తెలంగాణ సాయుధ పోరాటాన్ని గురించినవి. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి'ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నవలలో రైతు గురించి రచయిత చెబుతాడు, రంగస్థలంమీద రైతు తానే మాట్లాడతాడు. ప్రభుత్వాలు నవలకన్నా నాటకానికి ఎక్కువ జంకడంలో ఆశ్చర్యం లేదు.

సుద్దాల హనుమంతు పని మరింత కష్టమైనది. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి కులవృత్తుల, భక్తి కథల ప్రక్రియలను తీసుకొని వాటిలో దొరమీద తిరుగుబాటును నింపాడు. పాతకుండలో కొత్తనీళ్లు పోస్తే కుండ పగులుతుందని భయపడే విమర్శకులకు ఆయన రచనే జవాబు. పశువులు కాసే పిల్లవాడిమీద ఆయన రాసిన పాట ఆ పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి పలకరిస్తున్నట్టే నడుస్తుంది. బాలకార్మిక సమస్యమీద వ్యాసం రాయడం తెలిసిన నాకు ఆ పలకరింపు తెలియదు. తెలిసివుంటే, ఆనాడు ఎర్రసిరా కలం తీసేముందు "మీ తాత ఎట్లున్నడమ్మా" అని అడిగేవాణ్ణి.

పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం ఉద్యమాన్ని దాని మొత్తంలో చూపుతుంది. సుమారు 3,000 గ్రామాలు, పంచిన 10 లక్షల ఎకరాలు, నేలకొరిగిన 4,000 మంది. ఆ అంకెలు లేకపోతే పోరాటం ఎంత పెద్దదో తెలియదు. ఆ వెంటనే స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివాను. అదే పోరాటం, అవే ఊళ్లు. ఇక్కడ అంకెలు లేవు. అడవిలో పురుడు, విడిచివచ్చిన బిడ్డ, దళంలో వంట ఎవరు చెయ్యాలన్న పేచీ, పోరాటం విరమించాక "ఇక ఇంటికి పోండి" అన్నప్పటి దిగ్భ్రమ. ఆ స్త్రీలలో ఎక్కువమంది రాయలేదు, చెప్పారు. మరొకరు విని రాశారు. ఇదే సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం జీవితకథ 'నా మాటే తుపాకి తూటా' కూడా 2019లో అట్లాగే చెప్పగా రాసినదే.

విమర్శకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆత్మకథ రాయాలంటే అక్షరం కావాలి, తీరిక కావాలి, తన బతుకు రాయదగినదేనన్న ధైర్యం కావాలి. ఈ మూడూ సమాజంలో ఆస్తి పంపిణీ అయినట్టే పంపిణీ అయ్యాయి. ప్రక్రియ అంటే వట్టి రూపం కాదు. ఎవరికి మాట్లాడే అర్హత వుందో చెప్పే ఏర్పాటు కూడా. చెప్పేవారు ఒకరు, రాసేవారు ఒకరు అయిన ఈ కొత్త ప్రక్రియ ఆ ఏర్పాటును కొంత పగలగొట్టింది. "దేంట్ల రాయాలె" అన్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇది.

5

సాహిత్య విద్యార్థులు సాహిత్యమే కాదనుకునే మూడు రకాల పుస్తకాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చదివాను. ఇంజనీరు, కేంద్ర నీటిపారుదల మంత్రి కె.ఎల్. రావు 1978లో ప్రచురించిన ఇంగ్లీషు స్వీయచరిత్ర 'ది కుసెక్స్ క్యాండిడేట్'. కృష్ణా జలాలమీద బచావత్ ట్రిబ్యునల్ తీర్పు. నల్లగొండ బావినీళ్లలోని ఫ్లోరిన్ గురించిన నివేదికలు. మొదటి వారం నిద్ర ముంచుకొచ్చింది. ఆ తర్వాత నిద్రపట్టలేదు.

కుసెక్కు అంటే క్షణానికి ఒక ఘనపుటడుగు నీరు. కాలవ ఒక మట్టం పట్టుకొని, కొద్దికొద్దిగా వాలుతూ పోతుంది. మట్టానికి దిగువనున్న భూమి ఆయకట్టు, ఎగువనున్నది మెట్ట. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలినప్పుడు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణులు అయ్యాయి. ఊరిచుట్టూ బియ్యం మిల్లులు లేచాయి. నా విద్యార్థిని తాత చేను మట్టానికి పైన వుంది. "మా చేనుకు నీళ్లు రాలె" అన్న వాక్యాన్ని నేను ఏడుపు అనుకున్నాను. అది ఇంజనీరింగు పరంగా కచ్చితమైన వాక్యం. అది కరుణరసం కాదు, సర్వే ఫలితం.

ట్రిబ్యునల్ తీర్పు కృష్ణలో 2,060 టి.ఎం.సి.లను మూడు రాష్ట్రాలకు పంచి, ఆనాటి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. రాష్ట్రం, ప్రాజెక్టు, టి.ఎం.సి.: ఆ ప్రక్రియకు ఈ మూడే పాత్రలు. రైతు ఒక సంఖ్యలో కరిగిపోతాడు. కూలికి ఆ సంఖ్యలో కూడా చోటు లేదు. ఫ్లోరిన్ నివేదికలు ఇంకో సంగతి చెబుతాయి. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు పెట్టింది. ఈ జిల్లా పడమటి ఊళ్లలో ఆ హద్దు దాటిన బావులే దిక్కయి, తరాలకు తరాలు ఎముకలు వంగిపోయాయి. కృష్ణ నీరు గొట్టాలగుండా ఆ ఊళ్లకు తాగడానికి వచ్చింది తర్వాతెప్పుడో. ఒకే నది ఒకడి పొలానికి వచ్చి ఇంకొకడి గొంతుకు రాలేదు. మన కవిత్వంలో 'కృష్ణమ్మ' అని పిలిచేటప్పుడు ఈ తేడా ఎంతమందికి గుర్తుంటుంది?

షరతు సడలించిన నెల గురించి ఒక మాట. ఆ నెల కొమ్మూరి సాంబశివరావు అపరాధ పరిశోధక నవలలు చదివాను. మన పత్రికల్లో వీటిని తిట్టడమే గాని చదవడం లేదు. కార్యకారణాలు వెదకమని, సాక్ష్యం లేనిదే నమ్మవద్దని ఆ నవలలు లక్షలాది మామూలు పాఠకులకు నేర్పాయి. అది చిన్న మేలు కాదు. కాని వాటిలో నేరస్థుడు ఎప్పుడూ ఒక్కడే, అతను పట్టుబడగానే లోకం బాగుపడుతుంది. నేరం వ్యవస్థదైనప్పుడు డిటెక్టివ్ యుగంధర్‌కు పని వుండదు. ఈ తేడా తెలియాలన్నా వాటిని చదవాలి.

6

ఈ అనుభవాన్ని మిత్రుల ముందు పెట్టినప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. "మన సాహిత్యం చదవడానికే కాలం చాలదు, శాసనాలూ, కుసెక్కులూ ఎందుకు?" అని ఒకరన్నారు. మార్క్స్ ఏటేటా ఈస్కిలస్ నాటకాలను గ్రీకు మూలంలో చదివేవాడని లఫార్గ్ రాశాడు. అదే మార్క్స్ బ్రిటిష్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలను పేజీ పేజీ తిరగేసి 'పెట్టుబడి'లోకి తెచ్చాడు. కొశాంబి భర్తృహరిని పరిష్కరించిన చేత్తోనే పాతనాణేలు తూచాడు. వాళ్లకు తీరిక ఎక్కువై కాదు. సత్యం ఒకే ప్రక్రియలో దాక్కొని వుండదని తెలిసి.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. "ఇదంతా అన్ని వంటలూ రుచి చూడడమే గదా, నిబద్ధత ఏది?" నిజమే. ప్రశ్న లేకుండా పన్నెండు ప్రక్రియలు చదివితే అది విందుభోజనమే అవుతుంది. పందెంలో లోపం అంకెలో లేదు, ప్రశ్న లేకపోవడంలో వుంది. ఏడాదికి వంద చదివినా పది చదివినా, ఏ మనిషిని వెదుకుతూ చదివామన్నదే లెక్క. నేను వెదికింది ఒక రాయికొట్టే మనిషిని. శాసనంలో అతని పేరు దొరికింది, నవలలో అతని వెట్టి, పాటలో అతని పలకరింపు, మౌఖిక చరిత్రలో అతని గొంతు, సర్వేలో అతని చేను. ఇవన్నీ కలిసినా మనిషి పూర్తికాలేదు. ఏ ప్రక్రియా ఒంటరిగా అతన్ని మొయ్యలేదని మాత్రం రుజువయింది.

కాబట్టి రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా సూచన చిన్నది. ఒక నవలమీద పరిశోధన చేసేవారు ఆ ప్రాంతపు ఒక తీర్పో, ఒక సర్వే రికార్డో, ఒక ముసలామె చెప్పిన కథో పక్కన పెట్టుకొని చదవాలి. విమర్శ సభల్లో కథకుల పక్కన ఒక కాలవ లష్కరును కూర్చోబెట్టాలి. వస్తువా, శిల్పమా అన్న పాత తగవులో పడి, ఎవరికి ఏ ప్రక్రియ అందుబాటులో వుందన్న ప్రశ్నను మనం వదిలేశాం.

ఆ అమ్మాయి బడి దాటిపోయింది. నేనిచ్చిన మూడు మార్కులు రిజిస్టరులో అట్లాగే వున్నాయి, వాటిని మార్చే వీలు లేదు. 2024 వేసవిలో వాళ్లింటికి వెళ్లాను. తాత లేడు. నాయనమ్మ వుంది. రెండు మధ్యాహ్నాలు ఆమె చెబుతుంటే ఆమె మనుమరాలే రాసింది, నేను పక్కన కూర్చుని విన్నాను. నోటుబుక్కులో నలభై పేజీలు నిండాయి. అది వ్యాసమా, ఆత్మకథా, చరిత్రా అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రాయడం అయ్యాక ముసలమ్మ మాత్రం ఒక మాట అడిగింది: "ఇది జదివితే నీళ్లొస్తయా సారూ?"

ఆ ప్రశ్నకు ఏ ప్రక్రియలోనూ జవాబు లేదు. జవాబు పుస్తకాలకు బయటనే తెచ్చుకోవాలి. కాని అడిగిన ప్రశ్న పుస్తకంలోకి ఎక్కకపోతే, దానికి జవాబు బాకీ వుందన్న సంగతి కూడా ఎవరికీ తెలియకుండా పోతుంది.